హవానా సిగార్: పెట్టె చెప్పేది కొంత, ఆకు చెప్పేది మిగతా అంతా

హవానాలో అసలు సిగార్ ఎక్కడ కొనాలని అడిగేవారికి నేను చెప్పే చిరునామా ఒకటే. మీరమార్ పేటలో ఐదో అవెన్యూ, 16వ వీధి కలిసే మూలన పాత భవంతిలో ఉన్న లా కాసా దెల్ హబానో అనే అధికారిక సిగార్ల దుకాణం. ధర తక్కువ కాదు. బేరం అసలే ఉండదు. అయినా అక్కడే కొనమంటాను. దానికి కారణం చెప్పాలంటే ఆ దుకాణం గురించి ఎంత చెప్పాలో, బయట వీధుల్లోనూ సముద్రతీరాల్లోనూ దొరికే సరుకు గురించీ అంత చెప్పాలి.

నేను రాజమహేంద్రవరంలో లంక పొగాకు కొనుగోలు, గ్రేడింగు పనిలో ఉండి రిటైరయ్యాను. గోదావరి ఒండ్రు మీద పెరిగిన ఆకు చేతికి ఎలా తగులుతుందో, ఎంత పదును (తేమ) మీద ఉంటే విరగకుండా వంగుతుందో, మండె వేసిన, అంటే కుప్పగా పేర్చిన ఆకు మగ్గిందో లేదో ముక్కుతో ఎలా కనిపెట్టాలో వృత్తి నేర్పింది. సిగార్లో కోకో వాసన వచ్చింది, తోలు వాసన వచ్చింది అని రాసేవారు చాలామంది ఉన్నారు, ఆ పని వారికే వదిలేస్తాను. నేను చూసేది ఆకు. పొగ తాగమని ఈ మాటలతో ఎవరినీ ప్రోత్సహించడం లేదు. శ్రీకాకుళం తీరంలో అడ్డపొగ, అంటే నిప్పు కొసను నోట్లో పెట్టుకుని చుట్ట, తాగిన ఆడవాళ్ల అంగిళ్లు ఏమయ్యాయో కళ్లారా చూసినవాణ్ణి. కానీ డబ్బు పెట్టి కొనేవాడు ఏం కొంటున్నాడో తెలిసి కొనాలి. పొగాకు వ్యాపారంలో బతికినవాడిగా ఆ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ.

మా అమ్మాయి, అల్లుడు మిస్సిసాగాలో ఉంటారు. కెనడాలో చలి ముదిరాక అక్కడి తెలుగువాళ్లు చాలామంది క్యూబాలోని వరదెరో తీరానికి వెళ్తుంటారు. విమానం, హోటల్, భోజనం అన్నీ ఒకే ప్యాకేజీలో వచ్చేస్తాయి. అక్కడి నుంచి హవానా రెండు గంటల దారి. తిరిగి వచ్చేటప్పుడు స్నేహితులకు ఇవ్వడానికి సిగార్ పెట్టె ఒకటి సూట్‌కేసులో ఉండాలన్నది అందరికీ ఉన్న సరదా. నకిలీ సరుకువాళ్ల బతుకంతా ఆ సరదా మీదే నడుస్తోంది.

వాళ్ల మాటల్లో ఒక పద్ధతి ఉంది. పాత హవానా వీధుల్లో మంచిగా పలకరిస్తారు, ఏ దేశమని అడుగుతారు. ఆ తర్వాత, ఇవాళ సహకార సంఘం రోజు, ఫ్యాక్టరీ కార్మికులకు వచ్చిన వాటా సిగార్లను సగం ధరకు అమ్ముతున్నారు, రేపు ఉండదు అంటారు. మర్నాడు అదే వీధిలో నడిస్తే ఆ రోజూ సహకార సంఘం రోజే. ఇంకొకరి పిన్ని కూతురు ఫ్యాక్టరీలో పనిచేస్తుంటుంది. సిగార్ల పండుగ హవానాలో నిజంగానే జరుగుతుంది, సాధారణంగా ఫిబ్రవరి చివర్లో. దానికీ ఈ సందుల్లోని అమ్మకాలకూ ఏ సంబంధమూ లేదు.

మా అల్లుడికి అలాంటివాడే ఒకడు ఒక ఇంటి మేడ మీద కోహిబా అనే పేరుమోసిన రకంలో ఎస్ప్లెండిదోస్ సైజు పెట్టె చూపించాడు. పెట్టెకు గాజు మూత.

“మామయ్యగారూ, సీలు ఉంది, హోలోగ్రామ్ ఉంది. లోపల సిగార్లు పైకే కనిపిస్తున్నాయి. తీసుకుందామా?”

“సీలు సంగతి తర్వాత చూద్దాం బాబూ. ముందు ఆ మూత చూడండి. ఎస్ప్లెండిదోస్‌ను గాజు మూత పెట్టెలో అసలు కంపెనీవాళ్లు ఏనాడూ పెట్టలేదు.”

ఒక్క గాజు మూతతోనే ఆ బేరం ముగిసిపోవాలి. సిగార్ కనిపించేలా గాజో ప్లాస్టిక్కో బిగించిన కోహిబా పెట్టె ఎవరు చూపించినా, ఎంతకిచ్చినా, అది నకిలీయే. ఇంత తేలికైన గుర్తు ఇంకొకటి లేదు. అయినా లోకం నిండా ఆ పెట్టెలే అమ్ముడుపోతున్నాయి.

నకిలీలన్నీ కోహిబా చుట్టూనే తిరగడానికి కారణం ఉంది. 1966లో మొదలైన ఆ రకాన్ని మొదట్లో క్యూబా ప్రభుత్వం తన పెద్దలకూ విదేశీ దౌత్యవేత్తలకూ బహుమతిగా ఇవ్వడానికే, హవానాలోని ఎల్ లగీతో అనే భవంతిలో చుట్టించేది. బయటి మార్కెట్‌కు వచ్చింది 1982లో. ఆ పేరుకు ఉన్న మోజు ఎప్పుడూ తగ్గలేదు. 2022లో కోహిబా ధరలను, ట్రినిదాద్ అనే మరో సిగార్ రకం ధరలను ప్రపంచమంతటా ఒక్కసారిగా పెంచేశారు. అదే ఏడాది సెప్టెంబరులో ఇయాన్ తుపాను క్యూబా పొగాకు పండే పినార్ దెల్ రియో ప్రాంతంలో ఆకు ఆరబెట్టే కొట్టాలను పెద్ద సంఖ్యలో నేలకూల్చింది. అధికారిక దుకాణాల్లో కోహిబా అరుదైపోయింది. మనుషులు వెతికే సరుకు అరల్లో లేనప్పుడు సందులో దొరుకుతుందని నమ్మించడం ఎంత సులువో వేరే చెప్పాలా? అసలు దుకాణంలోనే లేని కోహిబా మేడ మీద గుట్టలుగా ఎలా ఉంటుందని ఎవరూ అడగరు.

ఇక మీరమార్ దుకాణం సంగతి. లోపల తేమ, చల్లదనం లెక్కగా ఉంచిన గది ఉంది. తలుపు తీయగానే దేవదారు చెక్క వాసన, దాని వెనకే మగ్గిన ఆకు వాసన. నాకు ఆ వాసన కొత్త కాదు. మా గోదాముల్లో ఆకు ఘాటుగా ముక్కును పొడిచేది, ఇక్కడ నెమ్మదిగా, తియ్యగా ఉంది. మాంటెక్రిస్టో, పార్టగాస్, ఓయో దె మాంటెరే రకాల పెట్టెలు వరుసగా ఉన్నాయి. కౌంటర్లో అమ్మాయి పార్టగాస్ సీరీ డి నంబర్ 4 పెట్టె తీసి, నేను అడగకముందే తిరగేసి అడుగు చూపించింది. నాకు ఆ ఒక్క పనితోనే దుకాణం మీద గురి కుదిరింది. సరుకు మీద నమ్మకం ఉన్నవాడే అడుగు చూపిస్తాడు.

పెట్టె అడుగున కాల్చి ముద్రించిన అక్షరాలు ఉంటాయి: సంస్థ పేరు హబానోస్ ఎస్.ఏ., క్యూబాలో తయారైందని ‘ఎచో ఎన్ కూబా’, పూర్తిగా చేత్తో చేసిందని ‘తోతాల్‌మెంతే ఆ మానో’. ఈ మూడో మాటే ముఖ్యం. దీన్ని 1989లో చేర్చారు. ఉత్త ‘ఎచో ఆ మానో’ అని మాత్రమే ఉంటే చేతి పని కొంత, యంత్రం పని కొంత అయి ఉండవచ్చు. వేలు పెట్టి తడిమితే అసలు ముద్ర చెక్కలోకి దిగినట్టు తెలుస్తుంది. నకిలీ పెట్టెల్లో చాలాసార్లు అది పైపైన రంగు అచ్చు మాత్రమే. దాని పక్కనే సిరాతో కొట్టిన చిన్న ముద్ర ఒకటి ఉంటుంది: ఫ్యాక్టరీని సూచించే రహస్య అక్షరాలు, కింద నెల, ఏడాది. నెల స్పానిష్‌లో ఉంటుంది. జనవరికి ఈఎన్ఈ, ఏప్రిల్‌కు ఏబీఆర్, ఆగస్టుకు ఏజీఓ, డిసెంబరుకు డీఐసీ. ఇంగ్లిషు నెల కనిపిస్తే ఆ పెట్టెను ఇక తెరవనక్కర్లేదు. ఫ్యాక్టరీ అక్షరాలను ఎప్పటికప్పుడు మారుస్తుంటారు. ఏ పెట్టె ఏ ఫ్యాక్టరీదో బయటివాళ్లకు తెలియకూడదని ఆ ఏర్పాటు.

ముందువైపు ఎడమ అంచున ఆకుపచ్చ హామీ ముద్ర అంటించి ఉంటుంది. సిగార్ పెట్టెకు ప్రభుత్వ హామీ ముద్ర వేయడం 1889లో, స్పెయిన్ రాజు ఏలుబడిలో మొదలైంది. ఇప్పుడు మనం చూసే ముద్రకు మూలం 1912 నాటి చట్టం. అంటే నూరేళ్లకు ముందే అక్కడ నకిలీల బెడద ఉంది. 1999లో ఎర్ర సంఖ్య వచ్చి చేరింది. 2009, 2010 మధ్య ముద్ర మళ్లీ మారి, కుడివైపు హోలోగ్రామ్, ఎడమవైపు బార్‌కోడ్ వచ్చాయి. ఆ బార్‌కోడ్ సంఖ్యను హబానోస్ వారి వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు. నేను కొన్న పెట్టె సంఖ్యను అల్లుడు దుకాణంలోనే ఫోనులో చూశాడు, సరిపోయింది. పెట్టె మూల మీద ఏటవాలుగా హబానోస్ అని రాసిన మరో కాగితం ఉంటుంది. అది 1994 నుంచి ఉంది.

ఇవన్నీ చూడాలి. కానీ ఇవి చూసి ఆగిపోకూడదు, నా గట్టి అభిప్రాయం ఇదే. పెట్టె, ముద్ర, సిగార్‌కు తొడిగే పట్టీ అన్నీ కాగితం పని, అచ్చు పని. మంచి ప్రెస్సు, ఓపిక ఉన్నవాడు ఏ కాగితాన్నయినా అచ్చు వేయగలడు. అసలు పెట్టెలు ఖాళీ అయ్యాక వాటిలో వేరే సిగార్లు నింపి అమ్మేవాళ్లూ ఉన్నారు. అప్పుడు ముద్ర అసలుదే, సంఖ్య అసలుదే, వెబ్‌సైట్ సరే అంటుంది, లోపలిది మాత్రం చెత్త. కాగితం తప్పుగా ఉంటే సరుకు నకిలీ అని ఖాయంగా చెప్పవచ్చు. కాగితం ఒప్పుగా ఉన్నంత మాత్రాన సరుకు అసలుదని చెప్పలేం. ఆ మాట చెప్పగలిగేది ఆకు ఒక్కటే.

అందుకే పెట్టె తెరిపించాలి. ఆ అమ్మాయి ముద్రను బ్లేడుతో సన్నగా కోసి, మూత ఎత్తి, పైన ఉన్న దేవదారు పొర తీసి నా ముందు పెట్టింది. సిగార్లను దగ్గరగా చూడనిచ్చింది, ఒకటి తీసి చేతిలో పెట్టింది. ముక్కుకు తాకించవద్దని మాత్రం చెప్పింది. సరైన మాటే. రేపు దాన్ని నోట్లో పెట్టుకునేది ఇంకొకరు కావచ్చు.

ఆ వరుస చూసినప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది. ఎడమ నుంచి కుడికి రంగు కనీకనిపించనంతగా పలచబడుతూ పోయింది. ఎడమ చివర కాస్త ముదురు గోధుమ, కుడి చివర కాస్త లేత. పక్కపక్కనున్న రెంటిని చూస్తే తేడా తెలియదు, మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఇది గ్రేడింగు మనిషి పని. చుట్టిన సిగార్లను బల్ల మీద పరిచి, పదుల కొద్దీ ఛాయలుగా విడదీసి, ఒక పెట్టెకు ఒకే ఛాయ కుటుంబం పడేలా చూసి, ప్రతిదాని మంచి ముఖం పైకి వచ్చేలా పేర్చేవాళ్లు ఫ్యాక్టరీలో వేరే ఉంటారు. పట్టీలన్నీ ఒకే ఎత్తులో, ఒకే వైపు తిరిగి ఉండాలి. మేడ మీద చూసిన పెట్టెలో ఒకటి నల్లగా, పక్కది పచ్చి రంగు తగిలినట్టు, ఇంకొకటి ఎర్రగా ఉన్నాయి. అచ్చు వేయడానికి యంత్రం ఉంటుంది. రంగు చూసి విడదీసే కన్ను మాత్రం ఏళ్ల తరబడి ఆకు చూస్తేనే వస్తుంది. ఆ కంటికి జీతం ఇచ్చి కూర్చోబెట్టడం నకిలీవాడికి గిట్టుబాటు కాదు.

మేడ మీది మనిషి మచ్చుకని ఒక సిగార్ అల్లుడి చేతిలో పెట్టి పంపాడు. నేను దుకాణంలో సీరీ డి నంబర్ 4 ఒకటి విడిగా కూడా కొన్నాను. సాయంత్రం హోటల్ గదిలో తెల్ల కాగితం పరిచి రెంటినీ బ్లేడుతో విప్పాను. డబ్బు పెట్టి కొన్నదాన్ని కోస్తారా అని మా అమ్మాయి బాధపడింది. కొయ్యకుండా తెలిసేది సగమే.

నకిలీది ముందు. కొలిస్తే పొడవు తక్కువ ఉంది. అసలు ఎస్ప్లెండిదోస్ 178 మిల్లీమీటర్ల పొడవు, 47 రింగు మందం ఉండాలి. రింగు అంటే అంగుళంలో 64వ వంతు, 47 అంటే సుమారు 18.6 మిల్లీమీటర్లు. దాని పట్టీ మీద తెల్ల గళ్లు అంచున సగానికి తెగి ఉన్నాయి, పక్కకు తిరిగిన తల బొమ్మ చదునుగా ఉంది. అసలు పట్టీలో గళ్లు తిన్నగా వరుస కడతాయి, బొమ్మ వేలికి ఎత్తుగా తగులుతుంది. నోటి కొసను మూసే ఆకు టోపీ ఒక్క ముక్కే, పైగా దాన్ని ఎక్కువ జిగురుతో అతికించారు. పైఆకు ఎత్తితే పేలికలుగా వచ్చింది, చేత్తో తాకితే కాగితంలా గరుకు. కింద ఇంకో ముక్క, దాని కింద ఇంకొకటి, అతుకు మీద అతుకు. లోపల అంతా తరుగు. గోరంత ముక్కలు, ఈనె పుల్లలు, నుసి. అంటించే కొస దగ్గర మాత్రం మూడు నాలుగు మంచి ఆకు ముక్కలు పెట్టారు, కొస చూసేవాడిని మోసం చేయడానికి. ఆ తరుగును చేతిలో నలిపి వాసన చూశాను. మగ్గని పచ్చి ఆకు, దాని మీద అమ్మోనియా.

అందులోని ఆకు క్యూబా నేలలో పండినది అయి ఉండవచ్చు. చాలామంది పడిపోయేది ఇక్కడే. క్యూబాలో దొరికింది కాబట్టి పట్టీ తప్పయినా సిగార్ మంచిదే అయి ఉంటుందని సమాధానం చెప్పుకుంటారు. ఆకు ఏ నేలదో ఒక్కటే లెక్క కాదు. ఎన్నాళ్లు మగ్గింది, ఏ ఆకుతో ఏ ఆకు కలిసింది అన్నవే లెక్క. లోపల వేసే ఆకుల్లో ఘాటైన లిగెరో రకాన్ని కనీసం రెండేళ్లు నిల్వ ఉంచుతారు. బేళ్లలో ఆ ఆకు నిదానంగా పక్వానికి వస్తుంది. కోహిబాకైతే లోపలి ఆకులో కొన్ని రకాలను పీపాల్లో వేసి మూడోసారి కూడా మగ్గబెడతారు. సందులోని మనిషికి రెండేళ్లు ఆగే తీరిక ఎక్కడిది?

ఆ తర్వాత పార్టగాస్. 124 మిల్లీమీటర్లు, 50 రింగు, కొలత సరిగ్గా ఉంది. నోటి కొసన టోపీ మూడు పొరలు, దగ్గరగా చూస్తే సన్నటి గీతలు కనిపిస్తాయి. వేళ్ల మధ్య నెమ్మదిగా దొర్లిస్తే ఎక్కడా గట్టి గడ్డ గానీ మెత్తటి గుంట గానీ లేదు. పైఆకుకు నోటి ఆవిరి పట్టి పదును తెచ్చాను. ఒకే రిబ్బనుగా, మెలికలు మెలికలుగా, తెగకుండా ఊడి వచ్చింది. పలచగా, జిడ్డు మెరుపుతో, ఈనెలు సన్నగా ఉన్నాయి. ఈ ఆకును ఎండ నేరుగా తగలకుండా గుడ్డ పందిరి కింద పెంచుతారు, అందుకే ఆ సన్నదనం. దాని కింద బిగువుగా చుట్టిన నడిమి ఆకు. దాన్ని విప్పితే లోపలి ఆకులు విసనకర్ర మడతల్లా పొడవునా మడిచి ఉన్నాయి. ఒక్క తరుగు ముక్క లేదు, ప్రతి ఆకూ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంది. నడి ఈనె తీసేశారు. మందంగా నల్లగా ఉన్న లిగెరో సరిగ్గా మధ్యలో ఉంది. నెమ్మదిగా కాలే ఆకు మధ్యలో ఉంటేనే సిగార్ సమంగా కాలుతుంది. మడతల మధ్య సందులు ఉంటాయి కాబట్టే పొగ లాగితే వస్తుంది. ఆ సందులు ఎక్కువైతే వేడెక్కుతుంది, తక్కువైతే బిగుసుకుపోతుంది. ఆ కొలత చుట్టేవాడి వేళ్లకే తెలుసు.

గోదావరి జిల్లాల్లో చుట్టలు చుట్టేవాళ్లను ఎరిగినవారికి ఆ వేళ్లను చూస్తే గౌరవం పుడుతుంది. క్యూబా ఫ్యాక్టరీల్లో వాళ్లు బల్లల ముందు వరుసగా కూర్చుని చావేతా అనే చదును కత్తితో ఆకు కోసి చుడుతుంటే, ఒక మనిషి ఎదురుగా కూర్చుని వాళ్లకు పత్రికలు, నవలలు చదివి వినిపిస్తాడు. 1865 నుంచి నడుస్తున్న ఆచారం ఇది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. పొగ బిగుసుకుపోయినంత మాత్రాన సిగార్ నకిలీ అని తేల్చేయకండి. 1990ల చివర్లో ఉత్పత్తిని తొందరగా పెంచిన రోజుల్లో అసలు హవానా సిగార్లే చాలా వరకు బిగుసుకుపోయేవి. ఆ తర్వాతే ఫ్యాక్టరీల్లో పొగ ఒరవడిని పరీక్షించే యంత్రాలు పెట్టారు. ఇప్పటికీ అక్కడక్కడ ఒకటి తగులుతుంది. అలాగే పైఆకు మీద చిన్న మచ్చ, రవ్వంత ఉబ్బిన ఈనె అసలు వాటిలోనూ ఉంటాయి. పది వేళ్లతో చేసిన వస్తువు కాబట్టి ఉండకపోతేనే అనుమానించాలి.

పట్టీ లేని సిగార్లది మరో దారి. పినార్ దెల్ రియో వైపు, వినియాలెస్ లోయలో రైతులు పంటలో ఎక్కువ భాగం ప్రభుత్వానికి అమ్మి, కొంత తమ దగ్గర ఉంచుకుని ఇంట్లోనే చుట్టి కట్టలుగా అమ్ముతారు. ఏ పేరూ తగిలించరు. ఇది మా చుట్ట, ఇది మా ఆకు అంటారు. ఇందులో మోసం లేదు. నాకు అవి నచ్చాయి కూడా. పెద్ద ఫ్యాక్టరీ నాణ్యత ఆశించకుండా, రైతు చుట్టగానే కొంటే తృప్తిగా ఉంటుంది. అదే రైతు చుట్టకు మాంటెక్రిస్టో పట్టీ తొడిగి మూడింతలు అడిగితే అక్కడి నుంచి అది దొంగతనం.

మళ్లీ దుకాణానికి వస్తాను. అక్కడ కోహిబా ఏదీ పెట్టెగా దొరకలేదు, మాంటెక్రిస్టో నంబర్ 2 కూడా లేదు. దేశమంతా ఉన్న కొరత ఇది, ఒక్క దుకాణం తప్పు కాదు. లేనిదాన్ని లేదని చెప్పారు, వెనక గదిలో ఉంది రండి అనలేదు. కార్డుతోనే డబ్బు తీసుకున్నారు. అమెరికా బ్యాంకుల కార్డులు క్యూబాలో పనిచేయవు కాబట్టి అమెరికాలోని మనవాళ్లు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. బిల్లు అడగకుండానే ఇచ్చారు. ఇంకో చోట, ఒక హోటల్‌లోని చిన్న కౌంటర్లో, ముద్ర ఎప్పుడో చిరిగిపోయిన పెట్టెలోంచి సిగార్లు తీసి అమ్మబోయారు. అడుగు చూపమంటే పెట్టెను వెనక్కి లాక్కున్నారు. అక్కడి నుంచి ఉత్త చేతులతో వచ్చేశాం.

బిల్లు ఎందుకంటే, విమానాశ్రయంలో పని పడుతుంది. క్యూబా కస్టమ్స్ లెక్కలో విడి సిగార్లు 20 వరకు ఏ కాగితం లేకుండా తీసుకెళ్లవచ్చు. హోలోగ్రామ్ ఉన్న మూసిన పెట్టెల్లో అయితే 50 వరకు. అంతకు మించితే అధికారిక దుకాణం బిల్లు చూపాలి. మీరు నాలాగా పెట్టె తెరిపించి చూసుకుంటే ఎన్ని ఉన్నా బిల్లు దగ్గర పెట్టుకోవడం మంచిది. కెనడాకు తిరిగి వెళ్లేవారు 48 గంటలు బయట గడిపి ఉంటే 50 సిగార్లు తీసుకెళ్లవచ్చు. భారతదేశానికి వచ్చేవారికి సుంకం లేకుండా 25. అమెరికాలో ఉన్నవాళ్లకు మాత్రం దారి మూసుకుపోయింది. 2015లో వ్యక్తిగత వాడకానికి కొద్దిగా తెచ్చుకోనిచ్చి, 2016లో ఆ పరిమితీ సడలించారు గానీ, 2020 సెప్టెంబరులో మళ్లీ నిషేధించారు. అమెరికా దుకాణాల్లో బహిరంగంగా అమ్మే కోహిబా, పేరులోని ‘ఓ’ అక్షరం మధ్యలో ఎర్ర చుక్క ఉన్నది, డొమినికన్ రిపబ్లిక్ సిగార్. అది నకిలీ కాదు, అక్కడ ఆ పేరు మీద వేరే కంపెనీ తయారుచేసే వేరే సరుకు. క్యూబాదని చెప్పి మీకెవరైనా దాన్ని ఇస్తే మాత్రం ఆ మాట అబద్ధం.

కెనడాలో కొనేవారికి మరో ఇబ్బంది ఉంది. 2020 నుంచి అక్కడ పొగాకు పెట్టెలన్నీ ఒకే మట్టి రంగులో ఉండాలి, సిగార్ పట్టీకి కూడా అదే నియమం. కాబట్టి గళ్లు, తల బొమ్మ, మెరుపు లాంటి పట్టీ గుర్తులేవీ అక్కడ పనికిరావు. కొస చూడాలి, టోపీ చూడాలి, వేళ్ల మధ్య దొర్లించాలి. ఆకు చూడటం నేర్చుకుంటే ఏ దేశంలోనైనా పనికొస్తుందని నేను అనేది ఇందుకే.

ధర విషయంలో ఈ దుకాణానికి ఎక్కువ మార్కులు వేయలేను. ప్రపంచ ధరలను చూసి క్యూబాలోనే చవక అనుకుని వచ్చేవారికి ఇదివరకు ఉన్నంత లాభం ఇప్పుడు లేదు. సరుకుకు, పద్ధతికి, పెట్టె తెరిచి చూపే ఓపికకు మాత్రం పూర్తి మార్కులు. మొదటిసారి కొనేవారు కోహిబా కోసం పట్టుబట్టకుండా పార్టగాస్ సీరీ డి నంబర్ 4 గానీ, చిన్నది కావాలంటే మాంటెక్రిస్టో నంబర్ 4 గానీ తీసుకోండి. నకిలీవాడి కన్ను వాటి మీద తక్కువ, ఆకు మాత్రం ఏమీ తీసిపోదు.

ఇంటికి తెచ్చాక ఒక జాగ్రత్త. పొగాకు పురుగు మా గోదాముల్లో ఆకును ఎలా తొలుస్తుందో జీవితమంతా చూశాను, సిగార్లను తొలిచేదీ అదే పురుగు. అధికారిక సిగార్లను అమ్మకానికి పంపే ముందు గడ్డకట్టేంత చలిలో ఉంచి దాని గుడ్లను చంపుతారు. సందులో కొన్నవాటికి, రైతు ఇచ్చిన కట్టలకు ఆ పని జరగదు. హైదరాబాదు ఎండల్లో, విజయవాడ ఉక్కపోతలో ఆ గుడ్లు తొందరగా పిల్లలవుతాయి. సిగార్ మీద సూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రం, కింద సన్నటి పొడి కనిపిస్తే పురుగు బయటికి వచ్చిందని అర్థం. రైతు చుట్టలను వేరే డబ్బాలో పెట్టుకోండి, దుకాణం పెట్టెతో కలపవద్దు.